పాడేరు ఘాట్‌లో మ్యాప్ చెప్పిన టైము సరిచేయబోయి గడిపిన ఏడాది: నా అనుభవం

2024 డిసెంబర్ 29, ఆదివారం. సాయంత్రం 6:35కి అనకాపల్లి స్టేషన్లో రైలు కదిలిపోయింది. అందులో ఎక్కాల్సిన ఐదుగురు 6:48కి మా బండిలో స్టేషన్ ముందు దిగారు. ఆరు గంటల నుంచీ నేను ప్లాట్‌ఫారం మీదే ఉన్నాను, వాళ్లకి వీడ్కోలు చెప్పి బ్యాలెన్సు డబ్బు తీసుకుందామని. వాళ్లతో వచ్చిన పెద్దాయన మోకాళ్లు పట్టుకుని బెంచీ మీద కూలబడి ఒక్క మాట అన్నారు: "మీ ఫోను గంట ఇరవై అంది కదయ్యా."

అంది. పాడేరులో 4:15కి బయల్దేరినప్పుడు డ్రైవరు ఫోన్లో ఉన్న ఆఫ్‌లైన్ నావిగేషన్ యాప్ గంటా ఇరవై నిమిషాలే చూపించింది. గంట ముందే చేరిపోతాం కదా అని మేమూ ధీమాగా ఉన్నాం. పట్టింది రెండు గంటల ముప్పై మూడు నిమిషాలు. ఆ రాత్రికి వాళ్లకి రూములు, మర్నాడు తత్కాల్ టిక్కెట్లు, అన్నీ కలిపి రూ. 8,300 నా జేబులోంచి పోయింది. డబ్బు కంటే ఆ పెద్దాయన మాటే ఎక్కువ గుచ్చుకుంది.

నాకు అనకాపల్లిలో నాలుగు బండ్లున్నాయి. శీతాకాలం వస్తే వంజంగి, లంబసింగి ట్రిప్పులతో తీరిక ఉండదు. నెట్ ఉన్నచోట అందరూ వాడే యాప్ వాడతాం గానీ, ఘాట్ ఎక్కాక సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. అందుకే బండ్లన్నిటిలో మ్యాప్ ముందే దింపుకునే యాప్ పెట్టించాను. ఆ మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాళ్లదని, దాన్ని నాలాంటి ఎవరైనా దిద్దొచ్చని అప్పటిదాకా నాకు తెలీదు.

చెప్పింది మా మేనల్లుడు. ఇంజినీరింగ్ మూడో ఏడాది. డిసెంబర్ 31 రాత్రి అందరూ కేకులు కోసుకుంటుంటే మేమిద్దరం లాప్‌టాప్ ముందు కూర్చున్నాం. ఇలాంటి యాప్‌లు టైము ఎలా లెక్కకడతాయో చూపిస్తానని ఓఎస్‌ఆర్‌ఎం అనే ఉచిత ప్రోగ్రాములోని కారు ప్రొఫైల్ ఫైలు తెరిచాడు. అందులో ఒక పట్టీ ఉంది. మోటార్‌వే అయితే గంటకు 90, ట్రంక్ 85, ప్రైమరీ 65, సెకండరీ 55, టెర్షరీ 40 కిలోమీటర్లు. మన దేశంలో మ్యాపు గీసేవాళ్లు పాటించే పద్ధతి ప్రకారం జాతీయ రహదారి ట్రంక్, రాష్ట్ర రహదారి ప్రైమరీ, పెద్ద జిల్లా రోడ్డు సెకండరీ.

"మన ఘాట్ ఎందులో ఉంది?" అన్నాను.

"ప్రైమరీ, మావయ్యా. అరవై అయిదు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఆ ఘాట్‌లో అరవై అయిదులో దిగిన బండి రోడ్డు మీద దొరకదు, లోయలో దొరుకుతుంది. "మరి మలుపులు?" అన్నాను. కూడలి దగ్గర పక్కకి తిరిగితే కొన్ని సెకన్లు కలుపుతుందట, సిగ్నల్ లైటు ఉంటే రెండు సెకన్లు. రోడ్డే మెలిక తిరిగితే మాత్రం ఏమీ కలపదు. మడతపిన్నులాంటి మలుపైనా దానికి మామూలు గీతే. పాతిక కిలోమీటర్ల ఘాట్‌ని 23 నిమిషాల్లో దించేసింది. యాప్ అబద్ధం చెప్పలేదు. దానికి ఎవరూ ఏమీ చెప్పలేదు, అంతే.

సరే, నేనే చెప్తానని 2025 జనవరి 3న అకౌంటు తెరిచాను. ఖర్చు లేదు, ఐదు నిమిషాల పని. మొదటి రాత్రే ఒక తప్పు చేశాను, ఇది చదివేవాళ్లలో సగం మంది చేయబోయేది కూడా ఇదే. ఘాట్ మొత్తాన్ని ఎంచుకుని, గరిష్ఠ వేగం అనే గడిలో 30 అని కొట్టాను. మ్యాపులో వేగ పరిమితి ఉంటే ఓఎస్‌ఆర్‌ఎం దాన్ని 0.8తో గుణించి వాడుతుందని మేనల్లుడు చెప్పాడు కాబట్టి, 30కి 24 వస్తుంది, ఘాట్‌కి గంట పడుతుంది. చేతి లెక్కలో అచ్చు సరిపోయింది. మూడు రోజులు నా అంత తెలివైనవాడు లేడనుకున్నాను.

జనవరి 6న ఈమెయిల్ వచ్చింది. నేను చేసిన మార్పు కింద ఒక సీనియర్ సభ్యుడి వ్యాఖ్య. మర్యాదగానే రాశారు: అక్కడ 30 అని బోర్డు ఉందా? ఉంటే ఫొటో ఉందా? ఆ గడి చట్టం పెట్టిన పరిమితి కోసం, మీరు నడిపే వేగం కోసం కాదు. రేపు ఇంకో యాప్ ఆ 30 చూసి డ్రైవర్లకి ఓవర్‌స్పీడ్ అని మోగిస్తుంది, అది అబద్ధం అవుతుంది కదా.

మొదట ఒళ్లు మండింది. పాతికేళ్లుగా ఆ ఘాట్ ఎక్కి దిగుతున్నవాణ్ణి, నాకు చెప్తారా అని. రాత్రి పడుకున్నాక ఆలోచిస్తే ఆయన మాటే నిజమనిపించింది. బోర్డు లేనిచోట బోర్డు ఉందని రాయడం అంటే, టైము కుదిరినా, దొంగలెక్కే. మర్నాడు నా మార్పు నేనే వెనక్కి తీసుకుని, క్షమించమని రాశాను. ఆయన నవ్వుతున్న బొమ్మ ఒకటి పెట్టి, ఎర్ర గుండ్రపు బోర్డులు ఎక్కడెక్కడున్నాయో చూసి అంతవరకే వేయమన్నారు. ఇంకో హెచ్చరిక కూడా చేశారు: వేరే కంపెనీ మ్యాపు చూసి ఒక్క పేరు కూడా ఎక్కించకూడదు. కళ్లతో చూసింది, జీపీఎస్‌లో నమోదైంది, అనుమతి ఉన్న శాటిలైట్ ఫొటోలో కనిపించింది మాత్రమే ఎక్కించాలి.

సంక్రాంతి వెళ్లాక జనవరి 19న సర్వేకి బయల్దేరాం. నేను స్టీరింగ్, మేనల్లుడు పక్క సీట్లో, మా ఆవిడ వెనక. అనకాపల్లి నుంచి మాడుగుల దాకా స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా వాయిస్ నోట్‌లో "బ్రేకరు" అనాలని ఒప్పందం. యాభై ఎనిమిది సార్లు అన్నాం. ఇంటికొచ్చి వింటే సగం చోట్ల "బ్రేకరు" తర్వాత మా ఆవిడ "అబ్బా, నడుం" అనడం కూడా రికార్డయింది. నిజానికి ఆ రెండో మాటే మాకు పనికొచ్చింది. దాన్నిబట్టే ఏది పొట్టిగా నిటారుగా ఉన్న బంపో, ఏది వెడల్పాటి హంపో విడదీశాం. మ్యాపులో ఆ రెండింటికీ వేరువేరు గుర్తులున్నాయి.

ఎక్కించడానికి నాలుగు రాత్రులు పట్టింది. ఎక్కించి, టైము ఎంత పెరిగిందో చూద్దామని యాప్ తెరిస్తే ఒక్క నిమిషం మారలేదు. ఇక్కడ తెలుసుకున్నవి రెండు. మొదటిది, మనం చేసిన మార్పు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సైట్లో నిమిషాల్లో కనిపిస్తుంది గానీ, ఫోన్లో దింపుకున్న మ్యాపు దానంతటది మారదు. మా యాప్ కొత్త మ్యాపు నెలకోసారి ఇస్తుంది, అదీ మనం నొక్కి దింపుకుంటేనే. ఫిబ్రవరి రెండో వారం దాకా ఎదురుచూసి, ఇంకా రాలేదేమిటని తిట్టుకుంటుంటే మా డ్రైవరు కుర్రాడు "అప్‌డేట్ నొక్కలేదు కదండీ" అన్నాడు. రెండోది ఇంకా చేదు. మేనల్లుడు చూపించిన ఆ కారు ప్రొఫైల్ స్పీడ్ బ్రేకర్లని లెక్కలోకే తీసుకోదు. యాభై ఎనిమిది గుర్తులకీ కలిపి కలిసింది సున్నా సెకన్లు. అయితే ఆ కష్టం పూర్తిగా వృథా పోలేదు. కొత్త మ్యాపు దిగాక ఫోను ముందే హెచ్చరిస్తోంది. రాత్రిపూట చోడవరం దాటాక ఎగిరిపడటం తగ్గింది.

రోడ్డు ఉపరితలం మాత్రం లెక్కలోకి వస్తుంది. నునుపు గడిలో "బ్యాడ్" అని రాస్తే ఆ ప్రొఫైల్ వేగాన్ని 40కి, "వెరీ బ్యాడ్" అంటే 20కి కుదిస్తుంది. వడ్డాది దగ్గర గుంతలు పడ్డ ముక్కని కొలిచి "బ్యాడ్" అని పెట్టాను. మార్చిలో అక్కడ చక్కగా తారు వేశారు. కొత్త తారు రోడ్డు చూసి "అయ్యో, మళ్లీ దిద్దాలే" అనుకున్నవాణ్ణి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఫిబ్రవరి చివరికి ఒక సంగతి తేటపడింది. మ్యాపులో రాయాల్సినది రోడ్డు ఎలా ఉందో అది. మనం ఎంత వేగంతో వెళ్తామో అది రాయడానికి అందులో చోటు లేదు, ఉండకూడదు కూడా. మన వేగాలు మన దగ్గరే ఉంచుకుని మ్యాపు మీద పరచుకోవాలి. ఓఎస్‌ఆర్‌ఎంలో అందుకు దారి ఉంది. రోడ్డు మీద ఒక బిందువు నంబరు, దాని పక్క బిందువు నంబరు, ఆ రెంటి మధ్య వేగం, ఇలా వరసలుగా, మధ్యలో కామాలు పెట్టి, ఒక సీఎస్‌వీ ఫైలు రాసి ఇస్తే తన పట్టీలోని వేగం పక్కన పెట్టి మనది వాడుతుంది. ఎక్కేటప్పుడు ఒకటి, దిగేటప్పుడు ఒకటి వేరుగా ఇవ్వొచ్చు.

దానికి జీపీఎస్ లాగ్‌లు కావాలి, అంటే బండి ఎప్పుడెక్కడుందో ఫోను రాసిపెట్టుకునే జాడలు. డ్రైవర్లని కూర్చోబెట్టి, ట్రిప్పు మొదలవగానే రికార్డ్ నొక్కమన్నాను. అందరూ నిశ్శబ్దం. నా దగ్గర పదకొండేళ్లుగా ఉన్న పెద్దాయన చివరికి నోరు విప్పాడు.

"బాబూ, నేను టీ ఎక్కడ తాగినానో కూడా కనిపిస్తాదేటి?"

"కనిపిస్తుంది."

"ఎంతసేపు తాగినానో?"

"అదీ కనిపిస్తుంది."

ఆ భయం న్యాయమైనదే. జీతానికీ లాగ్‌కీ సంబంధం ఉండదని కాగితం మీద రాసిచ్చాను. ఏ రోజుది ఇవ్వాలో, ఏది చెరిపేయాలో వాళ్లిష్టం అన్నాను. బయటికి పంపే జాడల్లో ముందూ వెనకా కొంత దూరం కత్తిరించేశాం, కస్టమర్ల ఇళ్లు బయటపడకుండా. మార్చి మొదటి వారంలో లాగ్‌లు రావడం మొదలైంది.

వచ్చినవి చూస్తే సగం పనికిరానివే. ఫోన్లో బ్యాటరీ ఆదా చేసే సెట్టింగు మధ్యలో రికార్డింగ్‌ని చంపేసేది. వంట్లమామిడి నుంచి మాడుగుల దాకా అడవి మీదుగా తిన్నగా గీత, మా బండి విమానమైనట్టు. అన్ని ఫోన్లలో ఆ సెట్టింగు తీసేయడానికి ఒక ఆదివారం పోయింది. ఎండలో డాష్‌బోర్డు మీద కాలిపోయి ఒక ఫోను ఆగిపోతే, ఏసీ గాలి తగిలే చోట పెట్టే స్టాండ్లు నాలుగు కొన్నాను, రూ. 1,400.

మేనల్లుడి లాప్‌టాప్ సంగతి ఇంకో కథ. జియోఫాబ్రిక్ సైట్లో మన దేశం మ్యాపు ముక్కలుగా రోజూ తాజాగా దొరుకుతుంది. దక్షిణ మండలం ఫైలు దింపి ఓఎస్‌ఆర్‌ఎంలో నడిపిస్తే కాసేపటికి తెరమీద "కిల్డ్" అని ఒక్క ముక్క రాసి ఆగిపోయింది. మెమరీ చాలలేదు. రూ. 2,900 పెట్టి ర్యామ్ వేయించాం. వేయించిన మర్నాడు వాడే కనుక్కున్నాడు, ఆస్మియం అనే పనిముట్టుతో మనకి కావలసిన చదరం మాత్రం కత్తిరించుకుంటే పాత మెమరీతోనే నడిచేదని. చూశారా, ముందు కత్తిరించండి, తర్వాత కొనండి.

అసలు తలనొప్పి మలుపుల దగ్గర. మడతమలుపులో పై రోడ్డుకీ కింద రోడ్డుకీ మధ్య చాలాచోట్ల ఎడం తక్కువ. జీపీఎస్ కాస్త తప్పితే చాలు, లాగ్‌ని రోడ్డుకి అతికించే ప్రోగ్రాము బండిని పై రోడ్డు నుంచి కింద రోడ్డుకి దూకించేది. ఒక మలుపులో మా పెద్దాయన గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వెళ్లినట్టు వచ్చింది. ఆయనకి చూపిస్తే తెగ మురిసిపోయి ఫొటో తీసుకున్నాడు. కారణం వెతికితే, రోడ్డు గీతే కొంచెం పక్కకి ఉంది. కొండల్లో శాటిలైట్ ఫొటో ఒక్కోచోట పక్కకి జరిగి ఉంటుంది, దాని మీద గీసిన రోడ్డూ జరుగుతుంది. ఇరవై లాగ్‌లు ఒకదాని మీద ఒకటి పరిస్తే అవి చిక్కగా ఉన్న చోటే అసలు రోడ్డు. జోసమ్ అనే ఎడిటర్‌లో మలుపు మలుపునా బిందువులు జరుపుతూ కూర్చున్నాను. పదమూడు రాత్రులు. కళ్లు మూసుకున్నా మలుపులే కనిపించేవి. మధ్యలో సరదాకి ఊళ్ల పేర్లు తెలుగులో కూడా ఎక్కించాను. వంట్లమామిడి అని తెలుగక్షరాల్లో తెరమీద చూస్తే అదో తృప్తి.

ఏప్రిల్ 20 నాటికి మొదటి వేగాల ఫైలు తయారైంది. చూస్తే రెండు విడ్డూరాలు. మాడుగుల మెయిన్ రోడ్డులో వేగం గంటకు 4 కిలోమీటర్లు. ఘాట్‌లో మోదకొండమ్మ అమ్మవారి పాదాల దగ్గర 6.

మాడుగుల సంగతి వెంటనే అర్థమైంది. హల్వా! ప్రతి బండీ ఆగాల్సిందే, పావుగంట పోవాల్సిందే. ఆ డిసెంబరు 29న రైలు తప్పిన రోజు లెక్కలో కూడా 15 నిమిషాలు హల్వావే, ఆ మాట ఆ కుటుంబం ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అమ్మవారి పాదాల దగ్గర కూడా అంతే. డ్రైవరు దిగి దణ్ణం పెట్టి, బొట్టు పెట్టుకుని ఎక్కుతాడు.

మేనల్లుడు ఆగినవన్నీ తీసేద్దామన్నాడు, అది ప్రయాణం కాదని. హల్వాకి ఒప్పుకున్నాను. పాదాలకి ఒప్పుకోలేదు. హల్వా కొనకుండా వెళ్లేవాళ్లు ఉంటారు. అమ్మవారికి దణ్ణం పెట్టకుండా ఆ ఘాట్ దిగే డ్రైవర్ని నేను చూడలేదు. రైలుకి పరిగెత్తే రోజు కూడా ఆగుతారు, ఆ రోజైతే ఇంకా గట్టిగా దణ్ణం పెడతారు. అది రోడ్డులో భాగమే. ఓ గంట వాదించుకున్నాక, అక్కడ మూడు నిమిషాలు ఉంచి హల్వా తీసేశాం. ఈ ఏడాది మొత్తంలో నాకు గర్వంగా అనిపించే నిర్ణయం అదొక్కటే.

ఇంకో ఆశ్చర్యం: దిగేటప్పుడు ఎక్కేటప్పటి కంటే వేగం ఏమీ లేదు. రెండూ గంటకు 28 దగ్గరే. మామూలు రోజు ఘాట్‌కి 54 నిమిషాలు, కింద మైదానానికి 62, పాదాలకి మూడు. అంటే రెండు గంటలకి ఒక్క నిమిషం తక్కువ. యాప్ గంట ఇరవై అన్న దారి ఇది.

మే నెలలో మోదకొండమ్మ జాతర. ఆ రోజుల్లో టైము చెప్పొద్దని బుకింగ్ చూసే అమ్మాయికి చెప్పేశాను. ఏ ఫైలూ పనికిరాదు.

జూన్లో ఒకరోజు పొద్దున్నే టైము మళ్లీ తగ్గిపోయింది, ఘాట్ ముక్క 38 నిమిషాలే చూపిస్తోంది. గుండె ఆగింది. మేనల్లుడు తవ్వితే దొంగ దొరికాడు. దొంగని నేనే. అంతకుముందు వారం మిగిలిన కొన్ని మలుపులు సరిచేస్తూ పాత బిందువులు తీసేసి కొత్తవి వేశాను. బిందువు నంబర్లు మారిపోయాయి, మా సీఎస్‌వీలో పాత నంబర్లున్న వరసలన్నీ దిక్కులేనివయ్యాయి, ఆ ముక్కల్లో మళ్లీ 65 వచ్చి కూర్చుంది. ఎవరు ఎప్పుడు రోడ్డు దిద్దినా ఇదే జరుగుతుంది. అప్పటి నుంచి కొత్త మ్యాపు దించినప్పుడల్లా లాగ్‌లన్నీ మళ్లీ మొదటి నుంచి అతికిస్తున్నాం. మా చదరం చిన్నది కాబట్టి వేగాలు మార్చి మళ్లీ లెక్క కట్టడానికి నిమిషం కూడా పట్టదు. అతికించడానికే ఓ పూట పోతుంది.

వానలకి వేరే ఫైలు చేశాం. నవంబరులో మూడోది, పొగమంచుకి: ఉదయం తొమ్మిది లోపు ఘాట్ 80 నిమిషాలు. అక్టోబర్, నవంబర్ నెలల్లో 38 ట్రిప్పులకి మేం ముందు చెప్పిన టైమూ పట్టిన టైమూ పక్కపక్కన రాశాను. 31 ట్రిప్పులు ఎనిమిది నిమిషాల తేడాలోపే. మిగతా ఏడింట్లో ఒకటి టైరు, రెండు వానకి పడిన చెట్లు. నాలుగింటికి కారణం కనుక్కోలేకపోయాను. డ్రైవర్లు చెప్పలేదు, ఒప్పందం ప్రకారం నేనూ అడగలేదు.

చెరకు సీజను ఇంకా లెక్కకి అందలేదు. చెరకు తోలే ట్రాక్టరు ముందు పడితే చోడవరం దగ్గర ఇరవై నిమిషాలు గోవిందా.

ఖర్చు లెక్క: ర్యామ్ 2,900, స్టాండ్లు 1,400, సర్వే డీజిలు మూడు సార్లకి 7,200. సర్వర్ అద్దె లేదు, పాత లాప్‌టాప్ ఆఫీసులోనే నడుస్తోంది. మొత్తం రూ. 11,500. రైలు తప్పించిన 8,300 ఇందులో కలపలేదు. మేనల్లుడికి ఏమిస్తావని మా అక్క అడుగుతోంది, అదీ కలపలేదు.

మొన్న డిసెంబర్ 7, ఆదివారం. మళ్లీ పాడేరు నుంచి సాయంత్రం రైలు, ఆరుగురు. రెండు గంటలు, హల్వాకి ఆగితే రెండుంబావు అని ముందే చెప్పాం. రెండు గంటల పదకొండు నిమిషాల్లో స్టేషన్ ముందు దిగారు, చేతిలో హల్వా డబ్బాలు. ఇరవై నిమిషాలు ముందొచ్చాం కదా, అప్పుడే ఎందుకు తోలారని వాళ్లలో ఒకావిడ విసుక్కుంది.

నిన్న రాత్రి ఘాట్ పైభాగంలో ఎవరో రెండు మలుపులు దిద్దినట్టు సైట్లో కనిపించింది. బాగానే దిద్దారు. మా ఫైల్లో మాత్రం మళ్లీ వరసలు ఎగిరిపోతాయి. మేనల్లుడికి సెమిస్టర్ పరీక్షలు, 18 దాకా ఫోనెత్తడు. అందాకా ఘాట్‌కి 54 అని నేనే గోడ మీద పెన్సిల్‌తో రాసుకుని చెప్తున్నాను.